కరెంటు పోయిన మధ్యాహ్నం

ఆ పాప జవాబు చెప్పేది కాదు. మా సాయంత్రం బడిలో ఆమె కూర్చునేది మొదటి వరుసలోనే. నేను నల్లబల్ల వైపు తిరిగి ఎక్కం చదువుతుంటే మిగతా పిల్లలు కప్పు ఎగిరిపోయేలా అందుకునేవారు. ఆమె పెదవులూ కదిలేవి, కానీ పక్కపిల్లల కంటే ఒక క్షణం వెనకగా. బల్ల మీద ఉన్నది చూసి రాయమంటే ముత్యాల్లాంటి అక్షరాలు. నోటితో చెప్పి రాయమంటే మాత్రం పక్కపిల్ల పలకలోకి తొంగి చూసేది. చూడొద్దని అడ్డం కూర్చుంటే పలక మీద ఒక పువ్వు గీసి, నాకు చూపించి, నవ్వేది. ఆ నవ్వు చూస్తే కోపం వచ్చేది కాదు. కానీ ఏడేళ్ళ పిల్ల నోటి నుంచి పొడి పొడి ముద్దుమాటలు తప్ప రాకపోతే ఎవరికైనా దిగులుగానే ఉంటుంది.

నగరిలో మరమగ్గాల వీధుల చివర చర్చివాళ్ళు వాడుకోమని ఇచ్చిన రేకుల హాలులో మా బడి నడుస్తుంది. నడిపేది తిరుపతిలోని ఒక చిన్న సేవాసంస్థ. సాయంత్రం చదువు, ఒక ఉడికించిన గుడ్డు, నెలకొకసారి డాక్టరు పరీక్ష, ఆడపిల్లలకు ఐరన్ మాత్రలు, చుట్టుపక్కల పల్లెల్లో తల్లుల సమావేశాలు, బోరు పాడైతే పంచాయతీ చుట్టూ తిరగడం, ఇవీ మా పనులు. నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. మావాళ్ళది పుత్తూరు దగ్గర చెరకు, వేరుశనగ పండించే పల్లె. పెళ్ళయి ఈ ఊరికి వచ్చాను. మా ఆయన పొద్దున్నే రైలెక్కి రేణిగుంట గోడౌనుకు పోతే మళ్ళీ దీపాలు పెట్టాకే ఇంటికి.

ఆ మధ్యనున్న పొద్దంతా నేను ఊళ్ళోని శాఖా గ్రంథాలయంలో గడిపేదాన్ని. రెండు గదులు, ఒక ఫ్యాను, కాళ్ళు ఊగే బల్లలు. దినపత్రికల కోసం వచ్చే ముసలాయనలు తప్ప లోపలి గదిలోకి ఎవరూ వచ్చేవారు కాదు. అక్కడి బీరువాల్లో నేను చదవని పుస్తకం లేదని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. భూమి పుట్టుక, పశువుల రోగాలు, సముద్రాల లోతు, పిల్లల పెంపకం, అన్నీ చదివాను. శరీరశాస్త్రం పుస్తకంలో చెవి బొమ్మ ఒక పూర్తి పేజీ ఉండేది. సుత్తి, దాగలి, అంకవన్నె అని మూడు చిన్న ఎముకలు, బియ్యపు గింజ సైజులో. ప్రపంచంలోని సంగీతమంతా, తిట్లన్నీ ఆ మూడు గింజల మీదుగానే లోపలికి పోతాయని తెలిసిన రోజు నేను బస్సులో, సంతలో అందరి చెవులూ చూస్తూ నడిచాను. సంస్థవాళ్ళు నన్ను పనిలోకి తీసుకున్నది కూడా చదువు సర్టిఫికెట్టు చూసి కాదు, ఒక సమావేశంలో నేను అయోడిన్ ఉప్పు గురించి మాట్లాడింది విని.

ఆ పాప విషయంలో నా చదువంతా తిరగేశాను. మొదట కడుపులో పురుగులు అనుకున్నాను. తర్వాత రక్తం తక్కువేమో అనుకున్నాను. కళ్ళ పరీక్ష చేయిస్తే చూపు గద్దలాంటిదని తేలింది. చెవి అనుమానం కూడా రాకపోలేదు. నెలవారీ పరీక్షకు వచ్చిన డాక్టరు గారు చెవిలో లైటు వేసి చూశారు. గుబిలి తీసేశారు. పాప తల్లిని పిలిచి అడిగారు.

"ఇంట్లో పిలిస్తే పలుకుతుందా అమ్మా?"

"పలకడమా సార్! ఒక మాటంటే నాలుగు మాటలంటాది. దీనికి తెలీకుండా మేము గుసగుస కూడా ఆడలేము. ఆ చివర మగ్గం కాడ వాళ్ళ నాయన ఏమన్నాడో ఈ చివర నుంచి నాకు వచ్చి సెప్తాది."

డాక్టరు గారు నవ్వి, చెవి బాగానే ఉందన్నారు. తల్లి మాట కంటే పెద్ద పరీక్ష ఏముంటుంది? చెవి సంగతి ఆ రోజుతో నా మనసులోంచి కూడా పోయింది.

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. పాప చదివే బడిలో హెడ్మాస్టరు గారు ఇంక తమవల్ల కాదన్నారు. మా సంస్థ తరఫున తిరుపతి నుంచి వచ్చి పనులు చూసే పెద్దాయన ఉన్నారు, మేమంతా ఆయన్ని సార్ అంటాం. మంచి మనిషి. ఆయన కూడా పాపతో ఒక పూట కూర్చుని చూసి లేచారు.

"బుద్ధి ఎదుగుదల లేదమ్మా. తిరుపతిలో ఇలాంటి పిల్లల హాస్టల్ ఉంది. సీటు మాట్లాడతాను. జూన్‌లో చేర్చేద్దాం. తల్లిదండ్రుల్ని ఒప్పించే పని నీది."

ఒప్పించడం కోసమే ఆ మధ్యాహ్నం వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

మగ్గాల వీధిలో ఇంటికీ షెడ్డుకీ తేడా ఉండదు. ముందు గదిలో మగ్గాలు, వెనక గదిలో పొయ్యి. మధ్యలో గోడ ఉన్నా తలుపు ఉండదు. నేను పల్లెదాన్ని. ఆ శబ్దం నాకు ఎన్నేళ్ళయినా అలవాటు కాలేదు. గుమ్మం దాటగానే అది చెవుల్లోకి కాదు, పళ్ళలోకి దిగుతుంది. పాప తండ్రి రెండు మగ్గాల మధ్య నిలబడి ఉన్నాడు. ఆయన తల్లి, అంటే పాప అవ్వ, ఒక మూల కూర్చుని, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు, కండెలకు, నూలు చుడుతోంది. పాప తల్లి తెగిన పోగు ముడివేస్తోంది. పాప నన్ను చూసి పరిగెత్తుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది.

నేను గొంతు చించుకున్నాను. "మీతో మాట్లాడాలి! పాప చదువు గురించి!"

తల్లి తల ఊపింది. ఆమె పెదవులు కదిలాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పాప మాత్రం వెంటనే వెనక గదిలోకి పోయి నాకు చెంబుతో నీళ్ళు తెచ్చింది.

అక్కడ కూర్చుని చూసేకొద్దీ నాకు ఆశ్చర్యం పెరిగిపోయింది. ఆ ఇంట్లో మాటలకు గొంతుతో పనే లేదు. ఎదురెదురుగా ఉంటే పెదవులు. దూరంగా ఉంటే చేతులు. పోగు తెగిందంటే రెండు వేళ్ళు గిల్లినట్టు. నీళ్ళంటే బొటనవేలు పెదవికి. అటు తిరిగి ఉన్న మనిషిని పిలవాలంటే ఖాళీ కండె ఒకటి వాళ్ళ కాళ్ళ దగ్గరకు విసరడం. మనిషి తిరగ్గానే మాట మొదలు. వాళ్ళందరిలోకీ పాపే చురుకు. తండ్రి చెప్పింది తల్లికి, తల్లి చెప్పింది అవ్వకు చేరవేస్తూ షెడ్డంతా తిరుగుతోంది. ఒకసారి అవ్వ నా వైపు చూసి పెదవులు ఆడించింది. తండ్రి పళ్ళు బయటపెట్టాడు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాప అయితే కడుపు పట్టుకుని నేల మీద కూలబడి నవ్వింది. నన్ను ఏదో అన్నారని తెలుస్తోంది, ఏమన్నారో తెలియదు.

ఇంత చురుకైన పిల్ల బుద్ధి ఎదగనిదా? అయితే మా బడికి రాగానే ఏమవుతోంది? మొండితనమా? భయమా? నాకు నేనే ప్రశ్నలు వేసుకుంటూ ఉండగా కరెంటు పోయింది.

మగ్గాలు ఊపు తగ్గి, ఒకటి రెండు సార్లు దగ్గినట్టు కొట్టుకుని, ఆగాయి. ఆ ఇంటివే కాదు, వీధి మొత్తం. అంత పెద్ద శబ్దం ఒక్కసారిగా ఖాళీ అయితే తల తేలిపోతున్నట్టు ఉంటుంది. తండ్రి గుడ్డతో మెడ తుడుచుకున్నాడు. తల్లి నా ఎదురుగా వచ్చి కూర్చుని, పాపను దగ్గరకు లాక్కుని ఏదో అడిగింది.

పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

పాప తన ముద్దుమాటల్లో ఏదో జవాబు చెప్పింది. తల్లి మళ్ళీ ఏదో అంది. కనుబొమ్మలు ఎగరేసింది, మందలించినట్టు తల ఊపింది, పెదవులు నిండుగా, చక్కగా కదిలాయి. చిన్న శబ్దమైనా లేదు.

నా చెవులు పోయాయనుకున్నాను. నిజంగా భయపడ్డాను. ఆ మగ్గాల రొద నా చెవుల్ని తినేసిందనుకుని రెండు వేళ్ళూ చెవుల్లో పెట్టి తిప్పుకున్నాను. అప్పుడు వినబడింది, బయట గంట. టింగ్ టింగ్ మని పీచుమిఠాయి అమ్మే మనిషి గంట. ఆ వీధిలోకి అమ్ముకునేవాళ్ళు కరెంటు పోయినప్పుడే వస్తారు. మగ్గాలు ఆడుతుంటే వాళ్ళ కేక ఎవరికీ వినబడదు కాబట్టి వీధి మొదట్లో టీ కొట్టు దగ్గర కాచుకుని కూర్చుంటారు. గంట వినగానే ప్రతి ఇంట్లోంచీ పిల్లలు దూకారు. పాదాల చప్పుడు, అరుపులు, అన్నీ నాకు వినబడుతున్నాయి. నా చెవులు బాగానే ఉన్నాయి.

పాప కదల్లేదు. తల్లి ముఖం వైపే చూస్తూ కూర్చుంది. గంట ఆ గుమ్మం దాకా వచ్చి మోగింది. అయినా కదల్లేదు. పక్కింటి పిల్లలు గుమ్మం ముందు నుంచి పరిగెత్తడం కంటపడ్డాక అప్పుడు ఒక్క ఉదుటున లేచి తనూ బయటకు దూకింది.



"నువ్వు పాపతో గొంతు పెట్టి మాట్లాడవా?" అని తల్లిని అడిగాను.

"ఇప్పుడు మాట్లాడినా కదక్కా!"

"ఏం మాట్లాడినావు?"

"అన్నం తినకుండా మిఠాయి తినకూడదని సెప్తి. మీ ముందరే కదా సెప్పింది?"

ఇప్పుడు నాతో మాట్లాడేటప్పుడు ఆమెకు గొంతు ఉంది. కాస్త బొంగురుగా, మామూలు కంటే గట్టిగా. ఇందాక లేదు.

"అమ్మా, నువ్వు పాపతో అన్నది నాకు వినబడలేదు. పెదవులే కదిలినాయి. సద్దు రాలేదు."

ఆమె నవ్వింది. నేను పరాచికం ఆడుతున్నాననుకుంది. తర్వాత అత్త వైపు చూసింది. అవ్వ నూలు చుట్టడం ఆపి మెల్లగా అంది.

"నిజమేనే. నువ్వు దానితో ఎప్పుడూ అట్లే మాట్లాడతావు. మగ్గం ఆగినా అట్లే. నేనేదో బిడ్డకి ముద్దు సేస్తా ఉండావనుకుంటి."

పాప గులాబీ రంగు మిఠాయితో తిరిగివచ్చి, మాకు వీపు పెట్టి గుమ్మంలో కూర్చుంది. నేను లేచి ఆమె వెనక నిలబడ్డాను. పేరు పెట్టి పిలిచాను. "నాకొంచెం పెట్టవా?" అన్నాను. మిఠాయి నాలుకకు అంటించుకుంటూ వీధిలోకి చూస్తోంది. అవ్వ మూల నుంచి కేకేసింది. "మ్మేయ్! టీచరక్క పిలుస్తా ఉండాది సూడు!" ఊహూ. తండ్రి చప్పట్లు కొట్టాడు. ఆ పిల్ల జడ కూడా ఊగలేదు.

తల్లి అప్పటికి లేచి నిలబడింది. ఆమె నోరు తెరిచి ఉంది. ఈసారి పెదవులు కూడా కదల్లేదు. ఆమె అలవాటుగా చేతికందిన ఖాళీ కండె తీసి పాప పక్కన విసిరింది. కండె గుమ్మం మీద దొర్లడం కనబడగానే పాప గిరుక్కున తిరిగి, అందరం తననే చూస్తున్నామని గమనించి, మిఠాయి వెనక దాచుకుంది.

చదివిన పేజీ నా కళ్ళ ముందు ఉంది. వెనక నుంచి పిలిస్తే తిరగని బిడ్డ. పుస్తకంలో అది ఎంత తేలిక మాట! కానీ వెనక నుంచి ఎవరూ ఎవరినీ పిలవని ఇల్లు ఒకటి ఉంటుందని ఏ పుస్తకం రాసినవాడికి తెలుసు? ఆ ఇంట్లో చెవి ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే పద్ధతి. తల్లి అబద్ధం చెప్పలేదు. ఒక మాటంటే నాలుగు మాటలు అనే పిల్లే అది.

తండ్రి మగ్గం చెక్కకు ఆనుకున్నాడు. "అంటే ఇన్నేండ్లూ మా బిడ్డ మా మాట ఒకటి కూడా ఇనలేదా అక్కా?"

అవ్వ గయ్యిమంది. "నోరు మూసుకో! మా ఇంటా లేదు, మీ మామోళ్ళ ఇంటా లేదు సెవుడు. టీచరమ్మ ఏదో సదివి ఏదో సెప్తాది. ఇందాక అరిసిన అరుపుకి నాకే సెవులు పగిలినాయి. ఈమెని పొలానికి కావిలి పెడితే ఒక్క కాకి రాదు!"

ఇందాకటి నవ్వు దేనికో అప్పుడు తెలిసింది. ఎవరూ నవ్వలేదు.

ఆ వారంలోనే తిరుపతి పెద్దాసుపత్రికి వెళ్ళాం. పాప, తల్లిదండ్రులు, నేను. చెవి పరీక్ష గదికి తలుపు గోడంత మందంగా ఉంది. లోపల గోడలకు మెత్తటి దిండులాంటిది అంటించారు. పిల్ల భయపడకుండా పక్కన ఒకరు కూర్చోవాలన్నారు. తండ్రి లోపలికి వెళ్ళి, కూర్చుని, వెంటనే లేచి బయటకు వచ్చేశాడు. ముఖం పాలిపోయింది.

"అక్కా, ఆ గోడెనక మగ్గం ఆడతా ఉండాది."

"ఇక్కడ మగ్గం ఎక్కడిదన్నా?"

"ఉండాదక్కా. సన్నగా. రండి ఇనండి."

నేను వెళ్ళి కూర్చున్నాను. లోపల ఏమీ లేదు. నేను ఎప్పుడూ ఎరగనంత ఏమీ లేనితనం. నా రక్తం తిరగడం నాకు వినబడేంత. పరీక్ష చేసే అమ్మాయి ఆయనకు మెల్లగా చెప్పింది, ఆ మగ్గం గోడ వెనక లేదు, ఆయన చెవి లోపలే ఉంది, రొదలో ఏళ్ళ తరబడి పనిచేసిన చెవి నిశ్శబ్దంలో అలా మోగుతూనే ఉంటుందని. ఆయన నమ్మలేదు. అయినా బిడ్డ కోసం మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

నేనూ తల్లీ అద్దం బయట నిలబడ్డాం. ఆ అమ్మాయి మీటలు తిప్పుతోంది. గదిలోకి సన్నటి కీచు శబ్దాలు పోతున్నాయి. పాప చేతిలో ఒక రంగు బిళ్ళ ఉంది. శబ్దం వినబడితే అది గిన్నెలో వేయాలి. వేయలేదు. శబ్దం పెరిగింది. వేయలేదు. ఇంకా పెరిగింది. అద్దం లోపల తండ్రి విసుగ్గా మా వైపు చూసి, ఇంకా మొదలుపెట్టలేదా అని పెదవులతో అడిగాడు. తల్లి ఆయన పెదవులు చదివి పైకి చెప్పింది.

మీటల దగ్గరి అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. ఆమె నా వైపు చూసింది. నేను తల్లి వైపు చూడలేకపోయాను. మొదలుపెట్టి చాలాసేపయింది మరి.

ఆ తర్వాత తండ్రికీ పరీక్ష చేశారు. ఆయనది మగ్గాల వల్ల వచ్చింది, సన్నటి శబ్దాలు ఇంక తిరిగి రావని చెప్పారు. పాపది మాత్రం పుట్టుకతో వచ్చినది, మగ్గాలకు సంబంధం లేదు. చెవి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపికగా మాట్లాడింది.

"చెవి మిషన్లు పెడితే వినబడుతుంది. కానీ మిషన్ పెట్టగానే మాట రాదమ్మా. ఎదురుగా కూర్చుని, గొంతుతో, నెమ్మదైన చోట రోజూ మాట్లాడాలి. ఆలస్యమే అయింది, అయినా ప్రయత్నిద్దాం. మగ్గాల మధ్య మాత్రం ఇవి పెట్టకండి. చెవిలోకి ఇంకో మగ్గం దూర్చినట్టే."

తండ్రి అడిగాడు. "మా ఇల్లే మగ్గాలమ్మా. నెమ్మదైన సోటు యాడ తెచ్చేది?"

ఆ ప్రశ్నకు, అప్పుడే ఆస్పత్రికి వచ్చిన మా సార్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మిషన్లు సంస్థ తెప్పిస్తుంది. పాపను తిరుపతిలోనే వినికిడి లేని పిల్లల హాస్టల్లో చేర్పిస్తుంది. బుద్ధి లేదని పంపబోయినందుకు ఆయన చాలా బాధపడ్డారు, ఆ బాధలోనే ఇంకా తొందరపడ్డారు. తండ్రి తల ఊపాడు. బిడ్డ బాగుపడాలంటే పంపించక తప్పదన్నాడు. ఆస్పత్రి వరండాలో అందరి ముందూ తల్లి ఒక్కటే అడ్డం తిరిగింది.

"దాని మాటలు సగం నాకొక్కదానికే తెలిసేది. ఆడ దానికి కడుపునొప్పి వస్తే ఎవురితో సెప్తాది? నేను పంపను సార్."

"మాట రావద్దా అమ్మా నీ బిడ్డకి?"

"వస్తాది. ఇంటికాడ్నే తెప్పిస్తా."

"మగ్గాల మధ్యనా?"

ఆమె భర్త వైపు చూసి పెదవులు కదిలించింది. ఆయన తల దించుకున్నాడు. తర్వాత పైకి అన్నాడు. "పొద్దుగూకే ఏళకి ఒక గంట ఆపేస్తా సార్."

సెలవులు అయ్యేదాకా చూద్దామన్నారు సార్. అప్పటికి పాప విని పలకడం తన కంటితో చూస్తేనే ఇక్కడ ఉంచుతారు. లేకపోతే హాస్టలే.

మిషన్లు వచ్చిన రోజు నేను మా రేకుల హాలులో వాటిని పాప చెవులకు పెట్టాను. ఫ్యాను వైపు చూసింది. తన చెప్పులు నేలకు రాసి చూసుకుంది, మళ్ళీ రాసింది. తండ్రి ముందుగా మగ్గాలు ఆపి ఉంచాడు. సంతోషంగా ఇంటికి తీసుకెళ్ళాం. గుమ్మంలో కాలు పెట్టగానే పాప కీచుమని అరిచి మిషన్లు పీకి నేలకేసి కొట్టబోయింది. తల్లి చేతులు పట్టుకుంది. పిల్ల ఒళ్ళంతా వణుకుతోంది. వాళ్ళ మగ్గాలు ఆగాయి గానీ గోడ అవతలివి ఆగలేదు. ఆ గోడ ఇద్దరికీ ఒకటే. ఆ శబ్దం వాళ్ళకు లేనట్టే లెక్క. ఇంట్లో మగ్గాలు ఆగాయన్న ధీమాలో, గోడ అవతల అది ఉందని గుమ్మం దాటేటప్పుడు నాకు కూడా తోచలేదు.

గోడ అవతలి షెడ్డు అవ్వ అన్న కొడుకుది. పాప తండ్రికి బావ. తండ్రి వెళ్ళి అడిగితే అతను తేల్చేశాడు.

"నీ బిడ్డకి సెవుడైతే నా మగ్గాలేల ఆపల్ల బావా? రేపు నాకు కళ్ళు నొప్పులంటే నువ్వు దీపం ఆర్పుతావా?"

చెవుడనే మాట వింటేనే మండిపడ్డ అవ్వ అప్పుడు లేచింది. చుట్టే కండె పక్కన పెట్టి, పక్కింటికి పోయి, రెండు మగ్గాల మధ్య మనుషులు నడిచే సందులో కాళ్ళు బారచాపి కూర్చుంది. మేము గుమ్మంలో నిలబడి చూశాం. మేనల్లుడు చేతులతో లెమ్మన్నాడు. ఆమె లేవలేదు. పెదవులతో ఏదో అన్నాడు. ఆమె అంతకు రెండింతలు అంది. పాప నా పక్కన నిలబడి వాళ్ళ పెదవులు చదువుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తిట్లు బాగా పెద్దవై ఉంటాయి. చివరికి అతను మీట దించి మగ్గాలు ఆపాడు.

"లెయ్యి అత్తా! లెయ్యి! నాడె ఎగిరి నీ కాలు మీద పడితే నా మీదకొస్తాది!"

"రోజూ ఈ యేళకి వచ్చి కూచుంటా ఒరే. నీ ఇష్టం."

"వద్దు తల్లీ. నేనే ఆపుతా. ఎట్లాగూ టీ తాగల్ల కదా."

అలా ఆ గంట మొదలైంది. నేను రోజూ పోయేదాన్ని. మా బడిలో నేర్పడం కంటే ఆ ఇంట్లో నేర్పడం కష్టమైంది, ఎందుకంటే నేర్పవలసింది పాపకు కాదు. తల్లికి పాప ముఖం చూడగానే గొంతు మాయమైపోయేది. ఆమె చెయ్యి పట్టుకుని ఆమె మెడ మీదే పెట్టి, అక్కడ అదిరితేనే మాట అని చెప్పేదాన్ని. అదిరేలా అంటే అరిచేది, పాప ఉలిక్కిపడేది. తగ్గించమంటే మళ్ళీ ఉత్త పెదవులే. ఒకరోజు ఆమె నన్ను చూసి ఏడ్చింది. "అక్కా, దానికి నేను జోల కూడా పాడినా. అది కూడా సద్దు లేకుండానే పాడి ఉంటానా?"

సెలవులు ముగిసే ముందు ఒక సాయంత్రం సార్ వచ్చారు. రెండు షెడ్లూ ఆగాయి. అవ్వ ఆయనకు చాప వేసింది. పాప మిషన్లు పెట్టుకుని తల్లి కొంగు పట్టుకుంది. సార్ వంగి, "నీ పేరేంటి?" అన్నారు. పాప ఆయన్నే చూస్తూ నిలబడింది. "ఏం తిన్నావు?" జవాబు లేదు. తల్లి చెయ్యి మెడ మీదికి పోయింది. "సెప్పు, సెప్పు బంగారూ" అంది, ఆ కంగారులో గొంతు మళ్ళీ పోయింది. సార్ చాలాసేపు ప్రయత్నించారు. కొత్త మనిషి అని నేను అన్నాను. నిజమే గానీ నా మాటకు నాకే బలం తోచలేదు. తండ్రి గోడ వైపు చూస్తున్నాడు. సార్ నిట్టూర్చి లేవబోయారు.

పాప చటుక్కున వేలు పైకెత్తింది. తల పక్కకు వంచింది.

"మా! ఏంది తద్దు?"

అందరం ఆగిపోయాం. తల్లి చుట్టూ చూసింది. "ఏ సద్దు? ఏమీ లేదే."

"ఉందాది."

"బయట ఎవురన్నా పిలిచినారా?" అన్నాడు తండ్రి. అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, పెదవి విరిచింది.

పాప వాళ్ళందరినీ వదిలేసి నూలు మూటల వైపు నడిచింది. ఒంగి మూట వెనక వేలు చూపించింది. అప్పుడు సార్ నా వైపు చూశారు, నేను సార్ వైపు చూశాను. మా ఇద్దరికీ వినబడుతోంది. మూట వెనక నుంచి కీచురాయి. అంత సన్నగా, అంత ఏకధాటిగా. ఆ గదిలో పుట్టినవాళ్ళు, పనిచేసేవాళ్ళు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆ ముగ్గురిలో ఎవరి చెవికీ అది లేదు, మగ్గాలు మిగల్చలేదు. ఎవరు వినలేనివారని మేము తిరుపతి దాకా తిరిగామో, ఆ ఇంట్లో ఇప్పుడు ఆ పిల్లే వింటోంది.

సార్ గొంతు సవరించుకున్నారు. "కీచురాయమ్మా. ఉంది. పాప చెప్పింది నిజం." తర్వాత నాతో, "జూన్‌లో ఇక్కడి బడిలోనే ఉండనీ. నేను హెడ్మాస్టరుతో మాట్లాడతాను" అన్నారు.

తండ్రి చేతులు జోడించాడు. తల్లికి ఆ మాటలు పట్టలేదనుకుంటాను. ఆమె నేల మీద కూర్చుని, పాపను తన వైపు తిప్పుకుని, ఆ చిన్న నోటి వంకే చూస్తోంది.

"ఎట్లుండాది అది? ఎట్ల అరస్తాది?" అని అడిగింది, గొంతుతోనే.

పాప పళ్ళు బిగించి, ముక్కు ముడిచి, ఊపిరి ఆగిపోయేదాకా తల్లి ముఖం మీదే కీచుమని అరిచి చూపించింది.